ఫాదర్లు డ్రాఫ్ట్ ఫైళ్లు కాల్చిండ్రు, అది అహింస కిందికి వస్తదా?

పాలమూరు పోరడు:

అందరికి నమస్తే. మాది పాలమూరు సైడు, మా ఇంట్ల మూడు తరాల నుంచి మెన్నోనైట్ బ్రదరెన్ చర్చి. జడ్చర్ల ఆస్పత్రి, శంషాబాద్ బైబిల్ కాలేజీ ఆ మిషనోళ్లు పెట్టినయే, మా దిక్కు అందరికి తెలుసు. కానీ ఆ మెన్నోనైట్లు యూరప్‌ల 16వ శతాబ్దం నుంచి కత్తి పట్టం, సైన్యంల చేరం అని నిలబడ్డోళ్లని, ఆ ఒక్క మాట కోసం ఆస్తులు ఇడిచిపెట్టి దేశాలు దేశాలు తిరిగిండ్రని నేను ఈమధ్యనే చదివిన. మా దగ్గర ప్రార్థన, ఉపవాసం, స్వస్థత మీద ఎన్ని ప్రసంగాలు విన్ననో లెక్కలేదు గానీ యుద్ధం మీద ఒక్క ప్రసంగం విన్నట్టు గుర్తు లేదు.

వచ్చే నెల మా యూత్ మీటింగ్‌ల "సమాధానపరచువారు ధన్యులు" అనే వచనం మీద నేను మాట్లాడాలె. దాని కోసం చదువుతుంటే అమెరికాల 1968 మే 17న జరిగిన ఒక సంగతి కంట్ల పడ్డది. బాల్టిమోర్ పక్కన కేటన్స్‌విల్ అని ఊరు, ఆడ డ్రాఫ్ట్ బోర్డు ఆఫీసుకు, అంటే పోరగాళ్లను తప్పనిసరిగ సైన్యంలకు పిలిచే ఆఫీసుకు, తొమ్మిది మంది క్యాథలిక్కులు పోయి, వియత్నాం యుద్ధానికి పిలుపు పోవాల్సిన పోరగాళ్ల ఫైళ్లు 378 బుట్టలల్ల ఏసుకొని కిందికి తెచ్చి పార్కింగ్‌ల పెట్టి కాల్చేసిండ్రు. పెట్రోలు, సబ్బుపొడి కలిపి ఇంట్ల చేసుకున్న నాపామ్ అనే మండే బాంబు మందు తోటి. వియత్నాంల ఊర్ల మీద పోసింది నాపామే గదా, అందుకే కావాలని అదే వాడిండ్రంట. కాల్చి పారిపోలే, ఆడనే చుట్టూ నిలబడి "పరలోకమందున్న మా తండ్రీ" ప్రార్థన చేసుకుంట పోలీసులు వచ్చేదాక ఆగిండ్రు. అండ్ల ఇద్దరు అన్నదమ్ములు, ఫాదర్ డేనియల్ బెరిగన్, ఫాదర్ ఫిలిప్ బెరిగన్.

ఇది చదివినకాన్నుంచి నాకు మనసుల కుదురు లేదు. ఒక దిక్కు ఇంత ధైర్యం మనకెక్కడిది అనిపిస్తున్నది. ఇంకో దిక్కు, అవి గవర్నమెంటు ఫైళ్లు, వేరేటోళ్ల పేర్లు, ఆఫీసుల క్లర్కమ్మలు అడ్డం పడితే గుంజుకొని తెచ్చిండ్రంట, గీ పని యేసు చెప్పిన సమాధానం కిందికి వస్తదా? పిల్లలకు ఇది మంచి ఉదాహరణ అని చెప్పొచ్చునా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పండి.

బాల్టిమోర్ అక్క:

తమ్ముడూ, నేను ఆ ఊరికి పది నిమిషాల దూరంలో ఉంటాను, ఇక్కడ మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, రోజూ ఆ ఫ్రెడరిక్ రోడ్డు మీదే తిరుగుతాం. 2018లో యాభై ఏళ్లు నిండినప్పుడు ఆ రోడ్డు మీద లైబ్రరీ దగ్గర ఈ సంఘటన గురించి చరిత్ర బోర్డు కూడా పెట్టారు. అందుకని దీని గురించి కాస్త చదివాను, కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు ఆ తొమ్మిది మంది ఎవరో తెలిస్తే నీ ప్రశ్న ఇంకోలా కనిపిస్తుంది. ఫిలిప్ బెరిగన్ పుట్టుకతో శాంతివాది కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో పోరాడి వచ్చినవాడు. డేనియల్ జెస్యూట్ అనే క్యాథలిక్ గురువుల సంఘానికి చెందిన ఫాదర్, కవి, అదే ఏడాది మొదట్లో హోవార్డ్ జిన్ అనే ప్రొఫెసర్‌తో కలిసి ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్ వెళ్లి, బందీలుగా ఉన్న ముగ్గురు అమెరికన్ పైలట్లని విడిపించుకొచ్చాడు, అక్కడ ఉన్నన్నాళ్లూ తన దేశం విమానాలు వేసే బాంబులకి తనే షెల్టర్లలో దాక్కోవాల్సి వచ్చింది. థామస్ మెల్విల్, మార్జరీ మెల్విల్ అనే భార్యాభర్తలు అంతకుముందు ఫాదరూ సిస్టరూ, గ్వాటెమాలాలో పేద రైతుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి అక్కడి నుంచి పంపించేయబడ్డవాళ్లు. మేరీ మోయ్‌లాన్ ఉగాండాలో పనిచేసిన నర్సు. టామ్ లూయిస్ బొమ్మలు వేసే ఆర్టిస్టు. అంటే వీళ్లకి యుద్ధం టీవీలో చూసి పుట్టిన కోపం కాదు, తమ దేశం బయట ఏం చేస్తోందో దగ్గరుండి చూశారు.

ఫిలిప్, టామ్ లూయిస్ ఇద్దరూ అంతకు ఏడు నెలల ముందే, 1967 అక్టోబర్ 27న, బాల్టిమోర్ కస్టమ్స్ హౌస్‌లో డ్రాఫ్ట్ ఫైళ్ల మీద రక్తం పోశారు. ఆ కేసులో దోషులని తేలి శిక్ష ఎంతో చెప్పేలోపు బయట ఉన్న టైములో వచ్చి ఇది చేశారు. చిన్న శిక్షతో పోయేదాన్ని కావాలని పెద్దది చేసుకున్నట్టే కదా.

నన్ను అన్నిటికన్నా కదిలించేది ఆ బిల్డింగు. ఆ డ్రాఫ్ట్ బోర్డు అద్దెకున్నది నైట్స్ ఆఫ్ కొలంబస్ హాలు, అంటే క్యాథలిక్ మగవాళ్ల సంఘం వాళ్లది. తమ చర్చి వాళ్ల కప్పు కిందే కుర్రాళ్లని యుద్ధానికి పంపే లిస్టులు తయారవుతున్నాయి. వాళ్లు గవర్నమెంటుతో పాటు తమ చర్చిని కూడా నిలదీశారు, బిషప్పులు ఎందుకు నోరు మెదపట్లేదని.

కోర్టులో మేం చెయ్యలేదని ఒక్కరూ అనలేదు. ఆ అక్టోబర్‌లో బాల్టిమోర్ ఫెడరల్ కోర్టులో విచారణ జరిగింది, ఒక్కొక్కరూ లేచి ఎందుకు చేశారో చెప్పారు, కానీ జూరీ చూడాల్సింది ఫైళ్లు కాల్చారా లేదా అన్నదే గానీ యుద్ధం తప్పా ఒప్పా అన్నది కాదని జడ్జి చెప్పేశాడు. జూరీకి రెండు గంటలు కూడా పట్టలేదు, అందరూ దోషులే. విచారణ చివర్లోనే డేనియల్ లేచి మేం ఒకసారి ప్రార్థన చేసుకోవచ్చా అని అడిగితే జడ్జి ఒప్పుకున్నాడు, ప్రభుత్వ లాయరు కూడా అభ్యంతరం లేదన్నాడు. కోర్టు హాల్లో పరలోక ప్రార్థన చెప్పుకున్నారు. పిల్లలు కాలిపోయే బదులు కాగితాలు కాల్చినందుకు మమ్మల్ని క్షమించండి అన్నట్టు డేనియల్ ముందే రాసి పెట్టుకున్న ప్రకటన ఒకటి ఉంది, నీ మీటింగ్‌లో అది తప్పకుండా చెప్పు. నా మటుకు నాకు ఇది అహింసే.

ఖద్దరు చొక్కా:

అక్కగారు చాలా బాగా రాశారు, వాళ్ల త్యాగం మీద నాకు ఒక్క శాతం కూడా అనుమానం లేదు. కానీ ఇది సత్యాగ్రహం అనడానికి మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకో చెప్తాను.

గాంధీగారు కూడా కాగితాలు కాల్పించారు. 1908 ఆగస్టు 16న జోహన్నెస్‌బర్గ్‌లో హమీదియా మసీదు ఆవరణలో పెద్ద గంగాళంలో రెండు వేలకు పైగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు కాల్చారు. కానీ అవి ఎవరివి? అక్కడికి వచ్చిన భారతీయులు తమంతట తాము తీసుకొచ్చి ఇచ్చినవి, తమ పేరు మీద ఉన్నవి, దాని వల్ల వచ్చే జైలు కూడా తమకే. అమెరికాలో కూడా 1965 అక్టోబర్‌లో డేవిడ్ మిల్లర్ అనే, క్యాథలిక్ వర్కర్ అనే ఉద్యమంలో ఉన్న కుర్రాడు తన డ్రాఫ్ట్ కార్డు తను కాల్చుకుని జైలుకెళ్లాడు, అది కాల్చడం నేరం అని కొత్తగా చట్టం చేసిన రెండు నెలలకే. దాన్ని నేను చేతులెత్తి మొక్కుతాను. కేటన్స్‌విల్‌లో కాల్చినవి 378 మంది వేరేవాళ్లవి, వాళ్లలో ఒక్కడినైనా నీ ఫైలు కాల్చమంటావా అని అడిగారా?

ఇంకో సంగతి. మనకి 1940లో జరిగిన వ్యక్తి సత్యాగ్రహం అచ్చంగా యుద్ధ వ్యతిరేక సత్యాగ్రహమే, స్కూల్లో దాన్ని స్వాతంత్ర్య పోరాటంలో ఒక లైనుగా చెప్పి వదిలేస్తారు. బ్రిటిష్ యుద్ధానికి మనుషుల్ని గానీ డబ్బు గానీ ఇవ్వడం తప్పు, ఏ యుద్ధాన్నైనా అహింసతోనే ఎదిరించాలి, ఇదే అందరూ చెప్పాల్సిన మాట. మొదటి సత్యాగ్రహిగా గాంధీగారు ఎంచుకున్నది జవహర్‌లాల్ నెహ్రూని కాదు, గీత చదువుకుంటూ ఆశ్రమంలో ఉండే వినోబా భావేని. అక్టోబర్ 17న పవనార్‌లో మొదలుపెట్టారు, నాలుగు రోజులకి అరెస్టు. ఫలానా రోజు ఫలానా చోట మాట్లాడబోతున్నాను అని ముందే మేజిస్ట్రేటుకి తెలియజేసి మరీ వెళ్లాలని రూలు. మన ప్రకాశం పంతులుగారు కూడా ఆ సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. దాచిపెట్టడం అనేదే లేదు అందులో.

కేటన్స్‌విల్ వాళ్లు ఏం చేశారు? అప్పీళ్లన్నీ అయిపోయి 1970 ఏప్రిల్‌లో జైల్లో రిపోర్టు చెయ్యమంటే డేనియల్, ఫిలిప్, జార్జ్ మిష్, మేరీ మోయ్‌లాన్ నలుగురూ అజ్ఞాతంలోకి వెళ్లిపోయారు. ఫిలిప్ కొద్ది రోజుల్లోనే న్యూయార్క్‌లో ఒక చర్చిలో దొరికాడు, డేనియల్ నాలుగు నెలలు ఇంటింటికీ మారుతూ తిరిగి ఆగస్టు 11న బ్లాక్ ఐలాండ్ అనే దీవిలో దొరికాడు. శిక్షని ఎదురెళ్లి తీసుకున్నప్పుడే కదా ఎదుటివాడి మనసు కదిలేది, శిక్ష తప్పించుకు తిరిగితే అతను పోలీసుకి మామూలు ముద్దాయే. 1942లో అజ్ఞాతంలోకి వెళ్లినవాళ్లని కూడా గాంధీగారు తర్వాత బయటికొచ్చి లొంగిపొమ్మనే చెప్పారు.

మిలిటరీ ఊరోణ్ణి:

మాది తాడేపల్లిగూడెం పక్కన, మిలిటరీ మాధవరం పేరు వినే ఉంటారు, ఇంటికొకరు సైన్యంలో ఉండే ఊరు, మా నాన్నగారు కూడా సర్వీసు చేసి వచ్చారు. కాబట్టి నా మాట కొంచెం కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

ఈ చర్చ అంతా చదివాను గానీ ఆ 378 మంది గురించి ఒక్కరే ఒక్క లైను రాశారు. డ్రాఫ్ట్ బోర్డుకి నెల నెలా ఇంతమందిని పంపాలి అని కోటా ఉంటుంది. ఇక్కడ కొందరి ఫైళ్లు పోతే కోటా పోదు కదా, ఆ స్థానంలో ఇంకో వీధిలో ఇంకో అమ్మ కొడుకు వెళ్తాడు. ఆ అమ్మకి ఈ ఫాదర్లు ఏం చెప్తారు? పైగా చర్చి పాస్టర్లకీ ఫాదర్లకీ అక్కడ డ్రాఫ్ట్ నుంచి మినహాయింపు ఉంది. తమకి రాని పిలుపుని తాము కాల్చారు. డబ్బున్న ఇళ్ల పిల్లలు కాలేజీ పేరు చెప్పి వాయిదా వేయించుకున్నారు, వెళ్లింది ఎక్కువగా పేద కుటుంబాల పిల్లలు, నల్లజాతి పిల్లలు. తిరిగొచ్చాక వాళ్లకి ఉద్యోగం లేదు, నిద్ర లేదు, చాలామందికి ఊళ్లో మర్యాద కూడా లేదు. యుద్ధాన్ని తిట్టండి, నేనూ తిడతాను, మా నాన్న కూడా తిడతారు, యుద్ధం చూసినవాడు దాన్ని పొగడడు. కానీ వెళ్లినవాడిని మర్చిపోయి చేసే ఏ ప్రార్థన అయినా నాకు సగమే అనిపిస్తుంది.

ఫిలిప్ గారు యుద్ధం చేసొచ్చినవారు అని అక్క రాసింది, ఆయన మాట అయితే నేను కూర్చుని వింటాను.

పాతపుస్తకాల సందు:

మిలిటరీ ఊరి అన్నా, మినహాయింపు గురించి మీరన్నది నిజమే, కానీ నాకు అది తిరగేసి కనిపిస్తుంది. ఇంట్లో కూర్చుంటే ఎవరూ ఏమీ అడగని మనుషులు వాళ్లు, అయినా వెళ్లి మూడేళ్ల, మూడున్నరేళ్ల శిక్షలు తెచ్చుకున్నారు. తమకి రాని కష్టాన్ని తలకెత్తుకున్నారు.

ఇక్కడ చట్టం ఎలా ఉండేదో తెలియకపోతే ఈ కోపం ఎందుకో అర్థం కాదు. అమెరికాలో మనస్సాక్షి కారణంగా యుద్ధానికి వెళ్లను అనే హక్కు ఉండేది, కానీ అన్ని యుద్ధాలకీ వ్యతిరేకం అయితేనే. ఏ యుద్ధమూ కూడదనే క్వేకర్లు అనే క్రైస్తవులకి, తమ్ముడి మెన్నోనైట్లకి అది సరిపోయింది. క్యాథలిక్ బోధలో మాత్రం న్యాయమైన యుద్ధం, అన్యాయమైన యుద్ధం అని తేడా ఉంది, కాబట్టి ఒక క్యాథలిక్ కుర్రాడు తన మతం చెప్పినట్టే ఆలోచించి "ఈ యుద్ధం అన్యాయం, దీనికి మాత్రం నేను వెళ్లను" అంటే చట్టం ఒప్పుకోదు. 1971లో జిలెట్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఒక్క యుద్ధానికే వ్యతిరేకం అంటే కుదరదు అని తేల్చేసింది. తన మతాన్ని బుద్ధిగా పాటించేవాడికి జైలు తప్ప దారి లేదన్నమాట.

బాక్సర్ ముహమ్మద్ అలీకి ఎదురైంది కూడా ఇదే. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేర్చుకునే చోట పేరు పిలిచినా ముందుకు అడుగు వెయ్యలేదు, నా ఇస్లాం ఒప్పుకోదు అన్నాడు. టైటిల్ లాగేసుకున్నారు, అయిదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా వేశారు, అప్పీలు మీద బయట ఉన్నాడు గానీ మూడేళ్లకు పైగా రింగులోకి రానివ్వలేదు, అదీ ఒక బాక్సర్‌కి ఒళ్లు బాగా పనిచేసే వయసులో. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు 8-0తో శిక్ష కొట్టేసింది. ఆయన పారిపోలేదు, దాక్కోలేదు, ఎవరి కాగితమూ ముట్టుకోలేదు. ఖద్దరు చొక్కా గారి కొలత ప్రకారం చూస్తే అలీ బెరిగన్ల కన్నా పెద్ద సత్యాగ్రహి అవ్వాలి.

ఇంకొకటి, గాంధీగారి పేరు ఎత్తినప్పుడు 1918లో ఖేడా జిల్లాలో ఆయనే ఊరూరా తిరిగి బ్రిటిష్ సైన్యంలో చేరమని జనాన్ని అడిగారన్నది కూడా చెప్పుకోవాలి. 1940 నాటి మనిషి 1918లో లేడు, ఆయన కూడా నడుచుకుంటూ అక్కడికి చేరినవాడే. బెరిగన్లనీ అలాగే చూడండి.

బోధి చెట్టు:

ఒక్క మాట. అందరూ అమెరికా గురించే మాట్లాడుతున్నారు, బాంబులు పడ్డ దేశం వాళ్లు ఏం చేశారో కూడా ఆ మీటింగ్‌లో చెప్పండి. తిక్ న్యాట్ హాన్ అనే బౌద్ధ భిక్షువు, యువకుల్ని పోగుచేసి సేవా విద్యాలయం పెట్టాడు, కాలిపోయిన ఊళ్లు మళ్లీ కట్టడం, గాయపడ్డవాళ్లకి వైద్యం, బడి నడపడం వాళ్ల పని. ఊరు కట్టాక మళ్లీ బాంబులు పడేవి, వాళ్లు మళ్లీ కట్టేవాళ్లు. వాళ్లు ఏ పక్షం తరఫునా తుపాకీ పట్టలేదు కాబట్టి రెండు పక్షాలకీ అనుమానమే, ఆ కుర్రాళ్లలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆయన 1966లో శాంతి కోసం మాట్లాడడానికి అమెరికా వెళ్తే తిరిగి దేశంలోకి రానివ్వలేదు, 2005 దాకా సొంత గడ్డ మీద కాలు పెట్టలేకపోయాడు. 1967లో మార్టిన్ లూథర్ కింగ్ ఆయన పేరుని నోబెల్ శాంతి బహుమతికి పంపించాడు, అదే ఏడాది ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడాడు కూడా. కాల్చిన కాగితాల గురించి ఇంత చర్చ చేసేటప్పుడు, కట్టిన ఇళ్ల గురించి కూడా చెయ్యాలని నా కోరిక.

పాలమూరు పోరడు:

అందరికి చానా థాంక్స్, ఇంత మంది ఇంత ఓపికతోటి రాస్తరని అనుకోలే. అన్నీ నోట్‌బుక్‌ల రాసుకున్న.

మిలిటరీ ఊరి అన్నా, మీ మాట మీటింగ్‌ల తప్పకుంట చెప్త. మా చర్చిల గూడ ఇద్దరు పోరగాళ్లు ఆర్మీల ఉన్నరు, వాళ్ల అమ్మలు ముందు వరుసల కూసుంటరు. వాళ్ల ముంగట నేను ఏం మాట్లాడినా వాళ్ల కొడుకులను తక్కువ చేసినట్టు ఉండొద్దు.

మా మెన్నోనైట్ల దగ్గరి చుట్టాలు హట్టరైట్లు అని ఉన్నరు, వాళ్ల సంగతి చదివినంక రాత్రి నిద్ర పట్టలే. మొదటి ప్రపంచ యుద్ధంల సౌత్ డకోటా నుంచి నలుగురిని పట్టుకపోయిండ్రు, అండ్ల ముగ్గురు హోఫర్ అన్నదమ్ములు. మిలిటరీ యూనిఫాం ఏసుకోం అన్నందుకు ఆల్కట్రాజ్ జైల్ల చీకటి గదిల, చలిల పెట్టిండ్రు. యుద్ధం అయిపోయినంక లెవెన్‌వర్త్ జైలుకు మార్చిండ్రు, 1918 నవంబర్ ఆఖర్ల జోసెఫ్, రెండు మూడు రోజులకే మైఖేల్ చచ్చిపోయిండ్రు. జోసెఫ్ పెండ్లాం చూడనీకె పోతే శవానికి అదే యూనిఫాం తొడిగి ఉన్నదంట. బతికినన్ని రోజులు ఏసుకోని బట్ట అది.

వీళ్లు ఎవరి ఫైలూ కాల్చలే, ఎవరికీ అడ్డం పోలే, మేం చెయ్యం అని మాత్రమే అన్నరు. మా పెద్దోళ్ల దారి ఇదే, ఊకె ఉండి కాదనుడు. నా మనసు ఇప్పటికైతే ఈ దిక్కే ఒంగుతున్నది. కానీ బాల్టిమోర్ అక్క రాసింది గూడ ఇడుస్తలేదు, ఎందుకంటే మేం చెయ్యం అని పక్కకు జరిగితే మన చేతులైతే శుభ్రం గానీ యుద్ధం ఆగదు గదా, పక్కోని కొడుకు పోతనే ఉంటడు. అక్కా, ఒక్కటి అడుగుత, ఆ ఫైళ్లు కాలినంక నిజంగ ఏమన్నా ఫరక్ పడ్డదా? తర్వాత వాళ్లు ఏమైండ్రు?

బాల్టిమోర్ అక్క:

అప్పట్లో కంప్యూటర్లు లేవు తమ్ముడూ, చాలా బోర్డుల్లో ఆ ఫైలుకి రెండో కాపీ కూడా ఉండేది కాదు, కాబట్టి మళ్లీ మొదట్నుంచి తయారు చెయ్యాల్సిందే, కొందరికైనా పిలుపు ఆలస్యమై ఉంటుంది. మిలిటరీ ఊరి తమ్ముడు చెప్పిన కోటా సంగతి కూడా అంతే నిజం, దాన్ని నేను కాదనలేను. ఇది చూసి మిల్వాకీ, షికాగో ఇలా చాలా ఊళ్లలో క్యాథలిక్కులూ ఇంకొందరూ డ్రాఫ్ట్ బోర్డుల్లోకి వెళ్లి ఫైళ్లు పాడుచేశారు. డ్రాఫ్ట్ 1973లో ఆగిపోయింది, దానికి కారణాలు చాలా, వీళ్ల వల్లే అనడం సరికాదు.

తొమ్మిది మందిలో అందరికన్నా చిన్నవాళ్లలో ఒకడైన డేవిడ్ డార్స్ట్ జైలుకెళ్లకముందే 1969లో కారు ప్రమాదంలో పోయాడు. మేరీ మోయ్‌లాన్ తొమ్మిదేళ్లు అజ్ఞాతంలోనే ఉండి 1979లో తనే వచ్చి లొంగిపోయింది. ఖద్దరు చొక్కా గారు చెప్పిన అజ్ఞాతం గురించి నేను చదివినంతలో డేనియల్ వాదన ఏంటంటే, అన్యాయమైన యుద్ధం నడుపుతున్న రాజ్యం వేసిన శిక్షకి నేనెందుకు వినయంగా తల వంచాలి, హిట్లర్ కాలంలో ఉంటే వంచేవాళ్లమా అని. దాక్కుని ఊరుకోలేదు కూడా, మధ్య మధ్యలో చర్చిలో ప్రసంగం చేసి మాయమయ్యేవాడు. మీ సత్యాగ్రహం లెక్కలో ఇది ఇమడదు, ఒప్పుకుంటాను. నాకు ఆ ప్రసంగాలే ముఖ్యం అనిపిస్తాయి.

బెరిగన్లు అక్కడితో ఆగలేదు. 1980 సెప్టెంబర్ 9న ఇద్దరూ ఇంకో ఆరుగురితో కలిసి పెన్సిల్వేనియాలో కింగ్ ఆఫ్ ప్రష్యా అనే ఊళ్లో జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలోకి వెళ్లి అణు క్షిపణుల ముక్కుల మీద సుత్తులతో కొట్టారు. యెషయా గ్రంథంలో "ఖడ్గములను నాగటి నక్కులుగా" అనే మాట ఉందే, అది అక్షరాలా చెయ్యాలని. అక్కడి నుంచి అదొక పరంపర అయిపోయింది, 2012లో మేగన్ రైస్ అనే 82 ఏళ్ల సిస్టర్ ఇంకో ఇద్దరితో టెనెసీలో ఓక్ రిడ్జ్ యురేనియం కేంద్రం కంచెలు దాటి లోపలికి వెళ్లి ప్రార్థన చేసింది, రెండేళ్లు జైల్లో ఉంది. ఫిలిప్ 2002లో, డేనియల్ 2016లో పోయారు.

నీ మీటింగ్‌కి ఒక సలహా. ముందే తీర్పు చెప్పకుండా యెషయా రెండో అధ్యాయం, రోమా 13వ అధ్యాయంలో "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను" అన్న మాట, రెండూ పిల్లల చేత చదివించు. తర్వాత హోఫర్ అన్నదమ్ముల కథ, బెరిగన్ల కథ వరసగా చెప్పి, మీరైతే ఏ గుంపులో నిలబడతారు అని అడుగు. ఆర్మీలో ఉన్న ఆ ఇద్దరు పిల్లల అమ్మలకి కూడా మాట్లాడే టైము ఇవ్వు. వాళ్లేమన్నారో ఇక్కడ రాయి, నేను చదువుతాను.